ఏం పోస్తున్నారో చెప్పి పొయ్యండి

నెల్లూరు వైపు ఏ ఇంట్లో చేపల పులుసు తిన్నా ఆ ఇంటి రుచి వేరు. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, మెంతిపొడి ఎంత, పొయ్యి దించాక ఎన్ని గంటలు ఆగి తినాలి... ఒక్కో ఇల్లాలిదీ ఒక్కో లెక్క. పక్కింటి పిన్నిని అడిగి చూడండి. ‘ఏముందమ్మా, అందరూ వేసేవే’ అని నవ్వేస్తుంది. చెప్పదు. చెప్పకపోవడం ఆవిడ హక్కు. ఆ పులుసు తినడమా మానడమా అన్నది మన ఇష్టం.

అదే పిన్ని ఒక పొద్దున రెండిళ్లకీ ఉమ్మడిగా ఉన్న బావిలో ఏదో సీసా వంపుతూ కనిపించిందనుకోండి. ‘ఏంటి పిన్నీ అది?’ అంటాం కదా. దానికీ ఆవిడ ‘ఏముందమ్మా, అందరూ పోసేదే’ అంటే ఊరుకుంటామా?

చమురు, గ్యాస్ బావుల చుట్టూ ప్రపంచంలో ఇరవయ్యేళ్లుగా నడుస్తున్న తగాదా అచ్చంగా ఇదే. భూమిలోకి వేల అడుగుల లోతున దించే ద్రవంలో ఏమేం కలుపుతున్నారని ఊళ్లవాళ్లు అడుగుతారు. అది మా వ్యాపార రహస్యమని కంపెనీలు అంటాయి. పులుసు రహస్యాన్నీ బావిలో పోసే సీసా రహస్యాన్నీ ఒకే గాటన కడతాయన్నమాట.

నెల్లూరుకు చమురు బావుల జిల్లా అన్న పేరు లేదు. ఆ పేరు కోనసీమది. మరి ఈ గొడవ మనకెందుకు అంటారా? చమురు బావి కథలో నెల్లూరు తీరానికి రెండు చోట్ల చుట్టరికం ఉంది. ఒకటి రాయి, రెండోది రొయ్య.

ముగ్గురాయి ప్రయాణం

ముందు రాయి సంగతి. పాత కడప జిల్లా మంగంపేటలో ముగ్గురాయి గనులున్నాయి. పుస్తకాల్లో బెరైటీస్ అంటారు. ప్రపంచంలోని అతి పెద్ద నిల్వల్లో అదొకటి. తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ. ఆ రాయిని పిండి కొట్టి ఓడల్లో ఎత్తుతారు. ఓబులవారిపల్లె నుంచి వెలిగొండలను తొలుచుకుంటూ వచ్చి వెంకటాచలం దగ్గర కలిసే రైలు మార్గం 2019లో మొదలయ్యాక, మంగంపేటకు కృష్ణపట్నం రేవు మరీ దగ్గరైంది. ఇంతకీ ఆ పిండి ఎక్కడికి పోతుంది? ప్రపంచంలో తవ్వే ముగ్గురాయిలో ఎక్కువ భాగం చేరేది చమురు బావుల్లోకే.

ఎందుకో చెప్పుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. చమురు బావిని ఉత్త బోరు వేసినట్టు వెయ్యరు. తవ్వుతున్నంతసేపూ పైనుంచి గొట్టంలోకి చిక్కటి బురదలాంటి ద్రవాన్ని పంపుతూనే ఉంటారు. దాన్ని ‘మడ్’ అంటారు. ఆ బురదే తవ్వే మొనను చల్లబరుస్తుంది, రాతిపొడిని పైకి మోసుకొస్తుంది, బావి గోడలు కూలకుండా పట్టి ఉంచుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కింద పొంచి ఉన్న గ్యాస్‌ను తన బరువుతో అదిమి పెడుతుంది. బురదకు ఆ బరువునిచ్చేది ముగ్గురాయి. నీటికంటే నాలుగింతలకు పైగా బరువు దానిది. కింది ఒత్తిడి ఈ బరువును గెలిచిందా, ఇక అదుపు తప్పినట్టే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అలాగే ఎగదన్నింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. ఆ వెలుగును మైళ్ల దూరం నుంచి చూసినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెబుతుంటారు.

మంట అందరికీ కనిపిస్తుంది. మడ్‌లో కలిసేవి మాత్రం ఎవరికీ కనిపించవు.

నీళ్లు, బంకమట్టి, ముగ్గురాయి. ఇంతవరకూ దాపరికం లేదు. ఆ తర్వాత వేసే పోపు ఉంది చూశారూ, అక్కడ మొదలవుతుంది గుట్టు. జారుడు కోసం ఒకటి, గొట్టాలు తుప్పు పట్టకుండా ఒకటి, నురగ రాకుండా ఒకటి, బ్యాక్టీరియా పెరగకుండా ఒకటి. అమెరికాలో బండరాళ్లను నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతిలో ఈ పోపు ఇంకా ఎక్కువ. కంపెనీలు ఎప్పుడూ శాతాల్లో చెబుతాయి. నీళ్లూ ఇసుకా 99 శాతం, రసాయనాలు ఒక్క శాతమేనని. వినడానికి చల్లగా ఉంటుంది. ఒక బావికి కోటి లీటర్లు పడతాయనుకుంటే ఆ ఒక్క శాతం ఎంతో లెక్కేసుకోండి. లక్ష లీటర్లు.

2011లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ సభ్యులు పద్నాలుగు కంపెనీల లెక్కలు తెప్పించి చూశారు. 2005 నుంచి 2009 దాకా అవి వాడినవి 2,500 రకాల సరుకులు, వాటిలో 750 రసాయనాలు. కొన్ని వింతగా ఉన్నాయి. ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఉంది, అక్రోటు కాయల తొక్కలున్నాయి. క్యాన్సర్ కారకాలని తెలిసినవి, అనుమానం ఉన్నవి, తాగునీటి చట్టం కింద, గాలి కాలుష్య చట్టం కింద నియంత్రణలో ఉన్నవి కలిపి 29 ఉన్నాయి. అన్నిటికంటే విడ్డూరం ఇంకొకటి. కొన్ని సరుకుల్లో ఏముందో వాడుతున్న కంపెనీలకే తెలియదట. అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు.

ఈ గుట్టు విలువ ఎంతో 2008లో కొలరాడోలోని దురాంగో ఊళ్లో ఒక నర్సుకు తెలిసొచ్చింది. గ్యాస్ బావి దగ్గర ఒంటిమీద రసాయనం పడ్డ కార్మికుణ్ని ఆసుపత్రికి తెచ్చారు. ఆవిడ అతని బట్టలు తీయించి, కడిగించి, తన పని తాను చేసింది. కొద్ది రోజులకే ఆవిడ ఒంట్లో కీలక భాగాలు దెబ్బతిని ప్రాణం మీదికొచ్చింది. ఆ ద్రవంలో ఏముందో పూర్తిగా చెప్పమని డాక్టర్లు అడిగితే, తయారుచేసిన కంపెనీ వ్యాపార రహస్యం పేరు చెప్పి కుదరదంది. అదృష్టం బాగుండి ఆవిడ బతికింది. విరుగుడు వెతికే డాక్టరుకు కూడా చెప్పని రహస్యాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

2005 అనే సంవత్సరం

పాత కాగితాలు తిరగేస్తుంటే ఒక సంగతి ఆశ్చర్యం కలిగించింది. ఈ గొడవలో ముఖ్యమైన నాలుగు మలుపులూ 2005లోనే పడ్డాయి.

ఆ ఏడాది ఆగస్టులో అమెరికా కొత్త ఇంధన చట్టం చేసింది. బండలు పగలగొట్టే ద్రవాలను, డీజిల్ కలిసినవి తప్ప, తాగునీటి రక్షణ చట్టం నుంచి అందులో మినహాయించారు. జనం దానికి ఒక చమురు సేవల కంపెనీ పేరు తగిలించి ‘హాలిబర్టన్ కన్నం’ అని పిలిచారు. అదే ఆగస్టు నెలాఖరులో మన కేంద్ర పర్యావరణ శాఖ చమురు బావుల బురదను, రాతిపొడిని ఎలా పారబొయ్యాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు రెండు నెలల ముందు పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వా సాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. అక్టోబరులో సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకొచ్చింది. ఒకచోట తలుపు మూశారు, ఇంకోచోట కిటికీ తెరిచారు.

మన పర్యావరణ శాఖ మార్గదర్శకాలు చదివితే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, తీసిపారేయదగ్గవి కావు. డీజిల్‌తో చేసిన మడ్ వాడకూడదన్నారు. బురదలో కలిపే ముగ్గురాయిలో పాదరసం కిలోకి 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. అంటే మంగంపేట రాయికి కూడా లెక్క చెప్పాలి. ఇక విషం పరీక్ష ఉంది. ఆ పరీక్ష చేసేది దేనిమీదో తెలుసా? మైసిడ్ అనే పిసరంత ప్రాణి మీద. చూడ్డానికి రొయ్యపిల్లలా ఉంటుంది. అది దొరక్కపోతే ఆ తీరంలో దొరికే సున్నితమైన మరో సముద్రజీవి మీద. సగం ప్రాణులు 96 గంటల్లో చావాలంటే లీటరుకు 30,000 మిల్లీగ్రాములకు మించిన మోతాదు పట్టాలి. తక్కువ మోతాదుకే చచ్చాయంటే ఆ మడ్ పనికిరాదు.

బాగానే ఉంది. కానీ నాలుగు రోజుల్లో ఎన్ని చచ్చాయన్నదే ఈ పరీక్ష చూస్తుంది. ఆ నీళ్లలో నాలుగేళ్లు బతికితే ఏమవుతుందో చూడదు. పైగా పరీక్ష ఫలితం ప్రయోగశాల నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి ఆఫీసుకు పోతుంది. బావి పక్క ఊరి వరకు రాదు. మైసిడ్‌కు ఎదురైన ద్రవంలో ఏమేం ఉన్నాయో ఆ పిసరంత ప్రాణికి ఎంత తెలుసో, ఊరికీ అంతే తెలుసు.

ఊరివాళ్లు నోరు విప్పి అడగడానికి మనకొక వేదిక ఉండేది. ప్రజాభిప్రాయ సేకరణ. షామియానా, పోలీసులు, మజ్జిగ ప్యాకెట్లు, చెవులు పగిలే మైకు, ముందే రాసుకొచ్చిన పొగడ్తలు... అదొక తంతుగా మారిన మాట నిజమే. అయినా అధికారి ఎదుట నిలబడి ‘ఇందులో ఏం కలుపుతారయ్యా’ అని ఓ పెద్దాయన అడిగితే, ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కేది. 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాస్ అన్వేషణను ‘బి2’ తరగతిలోకి మార్చింది. దాంతో అన్వేషణ బావులకు పర్యావరణ ప్రభావ అధ్యయనమూ అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. ఉత్పత్తి దశకు మాత్రం పాత పద్ధతే ఉంచారు. కానీ మడ్ కలిపేది తవ్వేటప్పుడు కదా! నా దృష్టిలో ఇది పొరపాటు నిర్ణయం.

గుంటలోకి వంపే సీసా

ఇక రొయ్య దగ్గరికి వద్దాం. ఈ సీసా గొడవ నెల్లూరు తీరంలో నిజంగా ఇంటింటికీ తెలిసింది చమురు బావుల వల్ల కాదు, రొయ్యల గుంటల వల్ల.

గ్లుటరాల్డిహైడ్ అని ఒక రసాయనం ఉంది. చమురు బావిలో బ్యాక్టీరియాను చంపడానికి వాడే వాటిలో అదొకటి. ఆసుపత్రుల్లో పరికరాలు శుద్ధి చేయడానికీ అదే. రొయ్యల గుంటల్లో నీళ్లు శుద్ధి చేసే మందుల్లోనూ అదే. కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది. కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. ఆసుపత్రిలో అయితే సీసా మీద పూర్తి పేరు ఉంటుంది, చేతులకు తొడుగు ఉంటుంది. గుంట గట్టు మీద పనికుర్రాడు దాన్ని బక్కెట్లో కలిపి లుంగీ ఎగ్గట్టుకుని చల్లుతాడు. వస్తువు ఒకటే. దాని పేరు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదన్నదే తేడా.

1990ల మొదట్లో ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, చిల్లకూరు, కోట వైపు టైగర్ రొయ్య జోరు ఎలా ఉండేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వరిపొలాలు గుంటలయ్యాయి. కండలేరు క్రీక్ వెంబడి, బకింగ్‌హామ్ కాలువ వెంబడి మోటార్లే మోటార్లు. ఒకరు నీళ్లు వదిలే ఏట్లోంచే ఇంకొకరు తోడుకునేవారు. 1994–95లో తెల్లమచ్చల వైరస్ వచ్చినప్పుడు అది ఒక గుంట నుంచి పక్క గుంటకు పాకడానికి ఆ ఏరే దారయింది. రాత్రికి రాత్రి కోటీశ్వరులైనవాళ్లు రాత్రికి రాత్రే మునిగారు.

ఆ రోజుల్లోనే తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ ఇచ్చిన ఆ తీర్పులో మన తీరం ప్రస్తావన చాలాచోట్ల వస్తుంది. మంచినీళ్లు ఉప్పుతేలడం, గుంటల వ్యర్థాలు ఏట్లోకి పోవడం, మత్స్యకారుల దారులు మూసుకుపోవడం అన్నీ అందులో చర్చకొచ్చాయి. తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ సాగు తప్ప మిగతా గుంటలు తీసెయ్యాలని, కాలుష్యం చేసినవాడే పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి, అమలు ఆగింది. 2005 చట్టం వచ్చి, చెన్నైలో ప్రాధికార సంస్థను పెట్టి, గుంటలకు నమోదు తప్పనిసరి చేసి, తీర్పుకు పక్కగా ఇంకో దారి వేసింది. 20 రకాల యాంటీబయాటిక్స్, మందులు వాడకూడదని జాబితా ఇచ్చారు. 5 హెక్టార్లు దాటిన సాగుకు వ్యర్థజలాలు శుద్ధి చేసి వదలాలన్నారు. మన దగ్గర ఎక్కువమంది రైతులవి రెండు హెక్టార్లలోపు గుంటలే. ఒక్కొక్కరిదీ చిన్నదే, కానీ అందరి నీళ్లూ చేరేది ఒకే ఏట్లోకి.

2009లో వనామీ రొయ్యను దిగుమతి చేసుకోవచ్చన్నాక కథ మళ్లీ ఊపందుకుంది. జబ్బులూ వెంటే వచ్చాయి. తెల్లమచ్చలు పోలేదు, ఈహెచ్‌పీ అని కొత్తది చేరింది. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటుంది, పెరగదు. అప్పుచేసి ఎకరాకు లక్షలు పెట్టినవాడికి కంటిమీద కునుకు ఉండదు. అలాంటి రాత్రి డీలరు షాపు నుంచి ఒక సీసా వస్తుంది. పేరు గొప్పగా ఉంటుంది, బొమ్మ మీద రొయ్య నిగనిగలాడుతుంటుంది. ప్రోబయోటిక్ అంటాడు, గట్ మందు అంటాడు. ‘పంట పట్టాక ఇద్దువులే’ అని అరువిస్తాడు. రైతు కాదనగలడా? ఆ స్థితిలో మీరూ నేనూ అయినా కాదనం. అందుకే రొయ్య రైతును దుర్మార్గుడిగా చూపించే రాతలు నాకు నచ్చవు. అమెరికా కంపెనీలు తాము పోసేదేమిటో తమకే తెలియదన్నాయి చూడండి, అవి పెద్ద జీతాల ఇంజినీర్లున్న కంపెనీలు. మన రైతుకు మాత్రం తెలియకపోవడం వింతేముంది?

ఆ గుట్టు బయటపడేది పట్టుబడికి ముందు. రొయ్యల శాంపిల్‌ను ఎంపెడా వారి ఎలీసా ల్యాబుకు పంపుతారు. క్లోరాంఫెనికాల్ అవశేషం ఉందనో, నైట్రోఫ్యూరాన్ ఉందనో వస్తే ఆ సరుకు ఎగుమతికి పనికిరాదు. ‘నేను యాంటీబయాటిక్ వెయ్యలేదు సార్’ అని రైతు మొత్తుకుంటాడు. నిజంగానే వేసి ఉండడు. గట్ మందులోనో మేతలోనో ఎవరో కలిపారు. ఈ బాధ పడలేకే యాంటీబయాటిక్ లేదని ధ్రువపత్రం ఉన్న మందులే కొనండని ప్రాధికార సంస్థ చెప్పడం మొదలుపెట్టింది. 2020లో మన రాష్ట్రం చేపల మేత నాణ్యతకు విడిగా చట్టం చేసింది, ఆక్వా అభివృద్ధికి ప్రాధికార సంస్థ పెట్టింది. మంచిదే.

అయితే ఒకటి గమనించండి. యూరోపియన్ యూనియన్ 2016లో మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పదింట ఒకటి కాక, సగానికి సగం పరీక్షిస్తామంది. 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్ విషయంలో వాళ్ల గీత కిలోకు 0.15 మైక్రోగ్రాములు. అదెంతో ఊహకు అందాలంటే, దాదాపు 6,600 టన్నుల రొయ్యల్లో ఒక్క గ్రాము! బ్రస్సెల్స్‌లో భోజనం బల్ల దగ్గర కూర్చున్నవాడి కోసం ఇంత సూక్ష్మంగా చూస్తున్నారు. చూడాల్సిందే, రక్తకణాల తయారీనే దెబ్బతీయగల మందు అది. మరి అదే గుంట నీళ్లు తూము దాటి ఉప్పుటేట్లోకి దిగుతాయి. ఆ ఏట్లో మోకాలిలోతున నిలబడి ఎండ్రకాయలు పట్టుకునే యానాది కుటుంబం సంగతేమిటి? ఆ తీరాన వల విసిరే పట్టపువాళ్ల సంగతేమిటి? ఎలీసా కాగితం కొనుగోలుదారుడి దగ్గరికి పోతుంది. తూము దిగువన ఉన్న ఊరికి పోదు. రొయ్యలో ఏముందో సముద్రాల అవతల తెలుసు, నీళ్లలో ఏముందో గట్టు ఇవతల తెలియదు.

బిస్కెట్ ప్యాకెట్ నేర్పే పాఠం

కంపెనీల వాదనలో పసలేదని కొట్టిపారేయలేం. ఏళ్ల తరబడి శ్రమించి ఒక మిశ్రమం తయారుచేసినవాడు దాన్ని రేపే పక్కవాడు ఎత్తుకుపోతాడని భయపడటం సహజం. కానీ మీ పిల్లలు తినే బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. గోధుమపిండి, చక్కెర, పామాయిల్... ఏది ఎక్కువుంటే అది ముందు, ఆ వరసలో పేర్లన్నీ ఉంటాయి. ఏది ఎంతో, ఎంతసేపు కాల్చారో ఉండదు. పేర్లు అచ్చువేసినంత మాత్రాన ఏ బిస్కెట్ కంపెనీ దివాలా తీసింది? సరుకుల పేర్లు వేరు, చేసే పాళ్లు వేరు.

చమురు బావుల విషయంలోనూ లోకం మెల్లగా ఇటే జరుగుతోంది. అమెరికాలో 2010లో వయోమింగ్ రాష్ట్రం ముందుగా పేర్లు చెప్పాలంది. మరుసటి ఏడాది అందరూ చూసుకునేలా ఒక జాబితా మొదలైంది. అందులోనూ వ్యాపార రహస్యమనే తెర అడ్డుపెట్టుకున్నవాళ్లు బోలెడుమంది. ఆ నర్సు ఉన్న కొలరాడో 2022లో ఇంకో అడుగు వేసింది. అమ్మేవాళ్లూ వాడేవాళ్లూ రసాయనాల పేర్లన్నీ చెప్పాల్సిందేనని, అరగని ‘పీఫాస్’ జాతి రసాయనాలు అసలు వాడకూడదని చట్టం చేసింది. 2023 జులై ఆఖరు నుంచి అది అమలవుతోంది. నార్వేవాళ్ల పద్ధతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. సముద్రంలో చమురు తవ్వేవాళ్లు వాడే రసాయనాలకు రంగులు పెట్టారు. నలుపు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఏ రంగువి ఎంత వాడారో, ఎంత సముద్రంలోకి పోయిందో ఏటా లెక్క చెప్పాలి. కెమిస్ట్రీ రానివాడికి కూడా రంగు అర్థమవుతుంది.

మనకూ ఇది కొత్త ఆలోచన కాదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో జనం రాలిపోతుంటే, వాళ్లు పీల్చిందేమిటో, దేనితో వైద్యం చెయ్యాలో తెలియక డాక్టర్లు చేతులు నలుపుకున్నారు. ఆ దెబ్బతో 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పనులు చేసే ఫ్యాక్టరీ యజమాని ఆ వివరాలు కార్మికులకే కాదు, స్థానిక సంస్థకూ చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలన్నారు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోకీ ఆ నిబంధన వచ్చింది. కానీ 1987 నాటి లెక్కలో చమురు బావి ఫ్యాక్టరీ కాదు, గని. రొయ్యల గుంట అప్పుడూ ఇప్పుడూ సాగు. మూడు చోట్లా వంపేది రసాయనమే, పక్కన ఉండేది మనిషే.

ఈ మధ్య ఇంకో మార్పు జరిగింది. 2023లో ఆక్వా చట్టాన్ని సవరించి, నమోదు లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలన్న మాట తీసేసి జరిమానాలు పెట్టారు. 2025లో చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించినప్పుడూ జైలు పోయి జరిమానా వచ్చింది. రెండెకరాల రైతును జైల్లో వెయ్యడం నాకూ ఇష్టం లేదు. కానీ జైలు భయం తీసేసినప్పుడు, దాని బదులు నలుగురికీ తెలుస్తుందన్న భయమైనా పెట్టాలి కదా. మందు అమ్మేవాడు సీసా మీద తెలుగులో అన్ని పేర్లూ వెయ్యాలి. నీళ్లు వదిలే రోజున ఈ పంటకు ఏమేం వాడారో పంచాయతీ బోర్డు మీద రాయాలి. తవ్వే రిగ్గు గేటు దగ్గర మడ్‌లో కలిసేవాటి పేర్లు, ఒంటిమీద పడితే ఏం చెయ్యాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ప్రతి. దీనికయ్యే ఖర్చు ఒక డబ్బా పెయింటు.

అది వచ్చేదాకా ఉన్న కిటికీనైనా వాడుకోవచ్చు. పర్యావరణ అనుమతి పొందిన ఏ ప్రాజెక్టు అయినా షరతులు ఎలా పాటిస్తున్నదీ జూన్ 1న, డిసెంబరు 1న ఆర్నెల్లకోసారి నివేదిక ఇవ్వాలి. అవి ఎవరైనా చూడదగ్గ పత్రాలు. సమాచార హక్కు చట్టంలో వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఉన్నమాట వాస్తవమే. అదే సెక్షన్‌లో, విశాల ప్రజాప్రయోజనం ఉందనిపిస్తే ఇవ్వాల్సిందేనని కూడా ఉంది. దరఖాస్తులో ఆ రెండో సగాన్ని గుర్తుచేయడం మరిచిపోకండి. మిశ్రమం పాళ్లు అడగొద్దు, పేర్లు అడగండి. చెన్నైలోని ఆక్వా ప్రాధికార సంస్థకైనా, కాలుష్య నియంత్రణ మండలికైనా ఫీజు పది రూపాయలు. మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసులో ఐదు. గ్రామ స్థాయిలో అయితే ఫీజే లేదు.